అనంతపురం మేళాలో తోలు దీపాలు, కడప బండ టీపాయి

కొంతమంది డిజైనర్లు కలిసి పెట్టిన ఈ ప్రదర్శనలో ముందు నిమ్మలకుంట తోలు దీపాల దగ్గర ఆగండి. తోలుబొమ్మల పనికి 2020 పద్మశ్రీకి ఎంపికైన దళవాయి చలపతిరావు గారి ఊరు అది. దీపం వెలిగించి చూపించమని అడగండి, ఆర్పి ఉంటే ఏమీ తెలియదు. బొమ్మ నగల దగ్గర ఉలితో కొట్టిన చిల్లులు వరుస తప్పకుండా, అంచు చిరగకుండా ఉన్నాయి. చేయి తిరిగిన పని! రంగు రెండు వైపులా వేశారు కాబట్టి వెలుగులో వెలవెలబోలేదు. కానీ లోపల పాతకాలం ఫిలమెంట్ బల్బు పెట్టడం పొరపాటు. ఆ వేడికి తోలు ముడుచుకుని కుట్ల దగ్గర లాగేస్తుంది. 5 వాట్ల ఎల్ఈడీ చాలు. తడిగుడ్డతో మాత్రం తుడవకండి.

కడప బండ టీపాయి చూడ్డానికి ఎంతో బాగుంది, నునుపుగా, నల్లగా. అయితే 2 అడుగుల వెడల్పు, 4 అడుగుల పొడవు, 20 మి.మీ. మందం ఉన్న బండ దాదాపు 40 కిలోలు తూగుతుంది. దానికి సన్నటి ఇనుప కడ్డీల కాళ్లు పెట్టారు, చేయి ఆనిస్తే ఊగుతోంది. ఇది సున్నపురాయి జాతి. నిమ్మరసం, చింతపండు పులుసు పడి నిలిస్తే పాలిష్ తినేసి మచ్చ పడుతుంది. తుడిస్తే పోదు, మళ్లీ పాలిష్ పట్టించాల్సిందే. కొనేముందు అంచు పొడవునా వేలు పోనిచ్చి పొరలు విడుతున్నాయేమో చూసుకోండి.

బేతంచెర్ల రాతి పళ్లేలు ఫరవాలేదు.

చీటీల మీద డిజైనర్ పేరే ఉంది, చెక్కిన చేతి పేరు లేదు. దాచుకునే వస్తువుకు ఇంత ధర పెట్టినప్పుడు అది అన్యాయం. బిల్లు మీద పనివారి పేరు, ఊరు, సంవత్సరం రాయించుకోండి.