సైగాన్ యుద్ధ స్థలాలు: తొందరపడి చూడవలసినవి కావు

యువకుడిగా ఉన్న రోజుల్లో వియత్నాం యుద్ధవార్తలను పత్రికల్లో ప్రతిరోజూ చదివిన మా నాన్నగారికి, ఆ స్థలాలను ఒక్కసారైనా కళ్లారా చూడాలన్న కోరిక చాలాకాలంగా ఉండేది. ఆ కోరిక తీర్చడానికే మేమిద్దరం హో చి మిన్ నగరానికి వెళ్లాము. స్థానికులు ఇప్పటికీ దానిని సైగాన్ అనే పిలుస్తారు.

మొదటి రోజు నేను ఒక పొరపాటు చేశాను. ఒకప్పటి దక్షిణ వియత్నాం అధ్యక్ష భవనమైన స్వాతంత్ర్య సౌధం, యుద్ధ అవశేషాల మ్యూజియం, పోస్టాఫీసు, మార్కెట్ అన్నీ ఒకే పూటలో చూపిస్తామన్న ప్యాకేజీ తీసుకోవడంతో, మ్యూజియంలో మాకు మిగిలింది ముప్పావుగంట మాత్రమే. రెండో అంతస్తు మెట్లు ఎక్కుతుండగానే గైడు బస్సు ఎక్కమని పిలిచాడు. మర్నాడు ఉదయం మళ్లీ టిక్కెట్టు కొనుక్కుని వెళ్లాము.

1975 సెప్టెంబరులో తెరిచిన ఈ మ్యూజియం పేరులో మొదట 'అమెరికా నేరాలు' అన్న మాట ఉండేది. అమెరికా, వియత్నాంల మధ్య దౌత్య సంబంధాలు ఏర్పడిన 1995లో దానికి ఇప్పటి పేరు పెట్టారు. ఆవరణలోని ట్యాంకులు, విమానాల దగ్గర ఫొటోలు దిగేవారి రద్దీ ఎక్కువ. అక్కడ ఎక్కువసేపు ఆగకుండా, యుద్ధంలో ప్రాణాలు కోల్పోయిన ఫొటోగ్రాఫర్ల చిత్రాలున్న విభాగానికి నేరుగా వెళ్లడం మంచిది. 1954లో మందుపాతర పేలి మరణించిన రాబర్ట్ కాపా మొదలుకొని, పోరాడిన ఇరుపక్షాల వైపునా ఉండి చిత్రాలు తీసినవారందరినీ అక్కడ ఒకే వరుసలో స్మరించుకున్నారు. అడవుల ఆకులు రాల్చడానికి అమెరికా సైన్యం చల్లిన ఏజెంట్ ఆరెంజ్ అనే రసాయనం గురించిన గదిలో, దాని ప్రభావంతో అవయవలోపాలతో పుట్టిన పిల్లల ఫొటోల ముందు నాన్నగారు చాలాసేపు మాట్లాడకుండా నిలబడ్డారు. చిన్నపిల్లలతో వెళ్లేవారు ఆ గది గురించి ముందుగానే ఆలోచించుకోవాలి. ఇక్కడ చెప్పేది గెలిచినవారి కథ అన్న సంగతి కూడా గుర్తుంచుకోవాలి. ఓడిపోయిన దక్షిణ వియత్నాం కుటుంబాల బాధ ఇందులో దాదాపు కనిపించదు.

స్వాతంత్ర్య సౌధంలో పై అంతస్తుల హాళ్లకన్నా నేలమాళిగే నన్ను ఎక్కువగా ఆకట్టుకుంది. ఇరుకైన కాంక్రీటు నడవాలు, గోడల మీద యుద్ధపటాలు, వరుసగా పేర్చిన పాత రేడియో పరికరాలు అన్నీ అక్కడ అలాగే ఉన్నాయి. 1975 ఏప్రిల్ 30న ఉత్తర వియత్నాం ట్యాంకులు ఈ సౌధం గేటునే కూల్చుకుంటూ లోపలికి వచ్చాయి.

అక్కడి నుండి ట్యాక్సీలో న్గుయెన్ దిన్ చియు వీధికి వెళ్లి, ఒక సందులో ఉన్న చిన్న ఇంటిని చూశాము. ప్యాకేజీల్లో దీని ఊసే ఉండదు. స్వాతంత్ర్య సౌధంలో అలంకరణ పనుల కాంట్రాక్టరుగా పేరున్న ట్రాన్ వాన్ లాయ్, నిజానికి ఉత్తర వియత్నాం పక్షాన రహస్యంగా పనిచేసేవాడు. 1968లో టెట్ (వియత్నాం కొత్త సంవత్సరం) పండుగ వేళ ఆ పక్షం చేసిన దాడికోసం సుమారు రెండు టన్నుల ఆయుధాలను ఈ ఇంటి అడుగున దాచి ఉంచాడు. ఆయుధాలు దాచిన చోటు మీద గచ్చులో కలిసిపోయిన మూతను ఎత్తి చూపినప్పుడు, చుట్టూ ఉన్న టైల్సుకూ దానికీ మధ్య సన్నని గీత తప్ప మరే తేడా నాకు కనిపించలేదు.

యుద్ధకాలంలో గెరిల్లాలు నేల కింద దాగి పోరాడిన కు చి సొరంగాలకు మాత్రం సొంతంగా కారు మాట్లాడుకున్నాము. బస్సులు ఎక్కువగా నగరానికి దగ్గరలో ఉన్న బెన్ దిన్హ్‌కే వెళతాయి కాబట్టి, మేము ఇంకా దూరంలో ఉన్న బెన్ దుయోక్‌ను ఎంచుకున్నాము. రెండు గంటలు పట్టినా రద్దీ తక్కువగా ఉండటంతో ఆ శ్రమకు ఫలితం దక్కింది. పర్యాటకుల కోసం వెడల్పు చేసిన సొరంగంలో కూడా వంగి, కొన్నిచోట్ల పాకుతూ వెళ్లాలి. మోకాళ్ల నొప్పులున్న నాన్నగారు పైనే కూర్చుని, అప్పట్లో సొరంగవాసుల ఆకలి తీర్చిన ఉడికించిన కర్రపెండలాన్ని వేరుశనగ పొడి అద్దుకుని తిన్నారు. డబ్బు తీసుకుని తుపాకులు కాల్పించే చోటు ఇక్కడ ఉండటం నాకు నచ్చలేదు.

బస విషయానికొస్తే, బుయ్ వియెన్ వీధి పక్కన దిగిన మొదటి రాత్రి తెల్లవారుజాము వరకు పాటల హోరుతో నిద్రపట్టలేదు. మర్నాడే మూడో డిస్ట్రిక్ట్ అని ఇప్పటికీ పిలిచే ప్రాంతంలో, మ్యూజియానికి నడిచి వెళ్లగలిగే చిన్న హోటలుకు మారాము. శాకాహారులు బోర్డుల మీద 'కమ్ చాయ్' అన్న మాట కోసం చూడాలి. అక్కడి అన్నంలో చేపల సాస్ కలపరు.

చివరి మధ్యాహ్నం బెన్ దుయోక్ స్మారక మందిరంలో గోడల నిండా చెక్కిన, యుద్ధాల్లో ప్రాణాలర్పించిన నలభై నాలుగు వేల మందికి పైగా పేర్ల ముందు నాన్నగారు చెప్పులు విడిచి, ఒక అగరుబత్తి వెలిగించి చేతులు జోడించారు.