ఔటర్ అవతల లోకల్ ఫైబర్: స్పీడ్ సంగతి తర్వాత, ముందు పవర్ చూడండి

హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు అవతల, ఘట్‌కేసర్ దాటిన వెంచర్లలో నెట్ గురించి ఎవరిని అడిగినా స్పీడ్ ఎంత, నెలకు ఎంత అన్న దగ్గరే మాట ఆగిపోతుంది. అవి ప్లాన్ కాగితం మీదే ఉంటాయి. (599 అని రాస్తే జీఎస్టీతో కలిపి కట్టేది 707, అది గుర్తుంచుకుంటే చాలు.) లోకల్ కేబుల్ ఆపరేటర్ ఇచ్చిన ఫైబర్‌ను ఇన్నాళ్లు వాడాక నాకు బాగా నచ్చింది మాత్రం రౌటర్ లోపల కనిపించే ఒక మైనస్ అంకె. లైన్‌మ్యాన్లు దాన్నే 'పవర్' అంటారు. వైర్లోంచి ఇంటిదాకా ఎంత వెలుగు వస్తోందో చెప్పే లెక్క అది, డీబీఎం అనే కొలతలో. మైనస్ పక్క అంకె పెరిగేకొద్దీ వెలుగు తగ్గినట్టు.

రౌటర్ వెనక స్టిక్కర్ మీద చిరునామా ఉంటుంది, చాలావాటికి 192.168.1.1. బ్రౌజర్‌లో అది కొట్టి లాగిన్ అయితే స్టేటస్ పేజీలో పాన్ (PON) లేదా ఆప్టికల్ అన్న చోట 'ఆర్ఎక్స్ పవర్' కనిపిస్తుంది. కొందరు ఆపరేటర్లు పాస్‌వర్డ్ మార్చి పెడతారు. బిగించే రోజే లాగిన్ అడిగి రాసుకోవాలి. డబ్బు కట్టాక అడిగితే "ఆఫీసులో కనుక్కుని చెప్తా" అంటారు, ఆ కబురు మళ్లీ రాదు.

అంకె ఎంత ఉండాలన్నది లెక్క వేసుకోవచ్చు. ఒకే ఫైబర్‌ను చాలా ఇళ్లకు పంచే జీపాన్ (GPON) లైన్‌లో, ఆపరేటర్ గదిలో వెలుగు పంపే పెట్టె ఓఎల్‌టీ నుంచి సుమారు ప్లస్ 3 డీబీఎం బయల్దేరుతుంది. ఒక వెలుగును ఎనిమిది పాయలు చేసే స్ప్లిట్టర్ పదిన్నర డీబీ తినేస్తుంది, దారిలో అలాంటివి రెండుంటే 21 పోయినట్టే. మూడు కిలోమీటర్ల ఫైబర్‌కు ఒక డీబీ, కనెక్టర్లకు ఒకటిన్నర తీసేస్తే ఇంటికి చేరేది మైనస్ 20, 21. మైనస్ 24 దాకా దిగులు లేదు. మైనస్ 27 దగ్గర మామూలు ఓఎన్‌యూ (ఇంట్లో ఆ వెలుగు అందుకునే రౌటర్ డబ్బా) చూపు ఆనే హద్దు వస్తుంది. మూడు డీబీ తగ్గిందంటే వెలుగు సగమైందని అర్థం. ఆరు తగ్గితే మిగిలేది పావు వంతే.

అసలు విషయం ఇక్కడుంది. వెలుగు అందట్లేదని రౌటర్ మీద చెప్పే ఎల్ఓఎస్ ఎర్ర లైట్ వెలగట్లేదు కాబట్టి లైన్ బాగుందని కస్టమర్ కేర్ వాళ్లు తేల్చేస్తారు. ఆ లైట్ వెలుగు హద్దు కిందికి పడిపోతేనే వస్తుంది, సగం చచ్చిన లైన్ దానికి పట్టదు. ఎండాకాలంలో మా ఇంట్లో సరిగ్గా ఇదే జరిగింది. పొద్దున అంతా బాగుండేది. పదకొండు దాటాక వీడియో కాల్ మధ్యలో తెగడం, పాన్ లైట్ కాసేపు మినుకుమని మళ్లీ నిలబడటం. మధ్యలో స్పీడ్ టెస్ట్ చేస్తే నిక్షేపంగా 100 ఎంబీపీఎస్ వచ్చేది. మోసం చేసింది ఆ 100 అంకే. వెలుగు హద్దు మీద ఊగుతున్నప్పుడు లైన్ ఉన్నంతసేపూ స్పీడ్ పూర్తిగా ఉంటుంది. హద్దు దాటగానే ఓఎన్‌యూ తెగిపోయి మళ్లీ రిజిస్టర్ అవుతుంది, ఆ కాసేపట్లో కాల్ పోతుంది. ఫోన్ చేస్తే "రౌటర్ ఆఫ్ చేసి ఆన్ చేయండి" అన్నదొక్కటే మందు.

పవర్ పేజీ చూస్తే పొద్దున మైనస్ 25.8, మధ్యాహ్నం మైనస్ 27.9. అంటే ఎండకు మారేదేదో దారిలో ఉంది. లైన్‌మ్యాన్ పవర్ మీటర్ తెచ్చాడు. మీటర్‌ను 1490కి పెట్టించాలి, ఇంటికొచ్చే వెలుగు ఆ నానోమీటర్లది. 1310 మీద ఉంచితే అంకె తప్పుతుంది. స్తంభం మీది స్ప్లిట్టర్ దగ్గర మైనస్ 20.9 వచ్చింది. అక్కడి నుంచి ఇంటికి నూటయాభై మీటర్ల డ్రాప్ వైరు, అంత పొడవుకు పదో వంతు డీబీ కూడా పోదు. ఏడు డీబీ మింగింది జాయింటన్న మాట. పిట్టగోడ మీద దొరికింది: వైరు చాలక రెండు ముక్కలు కలిపారు, అదీ చేత్తో నొక్కి బిగించే ఫాస్ట్ కనెక్టర్లతో. ఒకటి ఆకుపచ్చ, ఒకటి నీలం. ఆకుపచ్చదాని కొస 8 డిగ్రీల ఏటవాలుగా ఉంటుంది, నీలానిది చదునుగా. రెండూ వాటిని కలిపే ఒకే కప్లర్‌లో దూరతాయి కానీ కొసలు ఆనవు, మధ్యలో సందు ఉండిపోతుంది. పైగా ఫాస్ట్ కనెక్టర్ లోపల వెలుగును దాటించే జెల్ ఎండకు ఎండుతుంది. రెండూ కత్తిరించి, కొసలను కరిగించి కలిపే ఫ్యూజన్ మెషిన్‌తో అతికించి, అతుకు మీది స్లీవ్ వేడి చేసి, అతుకు డబ్బాను నీడ పట్టుకు మార్చాక పగలూ రాత్రీ మైనస్ 21.6 దగ్గర నిలిచింది. కొత్తగా పెట్టించుకునేవాళ్లు స్తంభం నుంచి ఇంటి లోపలికి ఒకే ముక్క వైరు లాగమని పట్టుబట్టండి. అతుకు తప్పకపోతే మెషిన్‌తోనే వేయమనండి. కిటికీ తలుపు నొక్కే చోట, మేకు చుట్టూ వైరు మడిచిన చోట కూడా ఇలాగే డీబీలు కారిపోతాయి.

ఇంకో మెచ్చుకోలు: కరెంటు పోయినా నెట్ పోలేదు. స్ప్లిట్టర్‌కు కరెంటు అక్కర్లేదు కాబట్టి రౌటర్‌కు 12 వోల్టుల చిన్న యూపీఎస్ ఉంటే చాలు. ఇది ఇంటిదాకా ఫైబర్ వచ్చినవాళ్లకే. కొందరు ఆపరేటర్లు గల్లీ చివరిదాకా ఫైబర్ తెచ్చి, అక్కడ కరెంటుతో నడిచే స్విచ్ పెట్టి క్యాట్ 5 రాగి వైరు లాగుతారు. ఆ గల్లీలో కరెంటు పోతే ఇంట్లో యూపీఎస్ ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే. ఆపరేటర్ గదిలో ఓఎల్‌టీకి ఇన్వర్టర్ ఉందో లేదో కూడా అడగాల్సిందే.

ఇక పవర్ అంకెను ఇంతలా పొగిడాను గానీ, దానికి కనపడనిదీ ఉంది. మైనస్ 21.6 ఉన్నా రాత్రి తొమ్మిదికి 100 కాస్తా 35కి జారుతుంది. కంప్యూటర్‌ను రౌటర్‌కు ల్యాన్ వైరుతో కలిపి, దారిలో ఒక్కో మజిలీకి ఎంతసేపు పడుతోందో చూపే ట్రేస్‌రూట్ వేస్తే మొదటి మజిలీ ఒక మిల్లీసెకనే, రెండోది పగలు 3, రాత్రి 40. లైన్ మంచిదే, ఆపరేటర్ పైనుంచి కొన్న బ్యాండ్‌విడ్త్ జనానికి చాలట్లేదు. యూట్యూబ్‌కు తేడా తెలియదు, ఇంటి నుంచి ఆఫీసు నెట్‌లోకి వెళ్లే వీపీఎన్‌కు తెలుస్తుంది. దీనికి రిపేరు లేదు. అందుకే ఏడాది డబ్బు ఒకేసారి కట్టొద్దు, మూడు నెలలకు కట్టి రాత్రుళ్లు చూడండి.

వైరు లేని 5జీ సంగతికొస్తే, జియో ఎయిర్‌ఫైబర్ 2023 సెప్టెంబరు 19న మొదలైన ఎనిమిది నగరాల్లో హైదరాబాద్ ఒకటి. 2025 ఆగస్టులో రామంతాపూర్‌లో రథానికి కరెంటు తగిలిన దుర్ఘటన తర్వాత కరెంటు స్తంభాల మీది కేబుళ్లు తీసేస్తున్నప్పుడు మిద్దె మీద ఆంటెనా ఉన్నవాళ్లకు వైరు తెగుతుందన్న బెంగ లేకపోయింది. నెలకు 1000 జీబీ హద్దు మాత్రం చూసుకోవాలి, ఫైబర్ ప్లాన్లలో అది సాధారణంగా 3300. లోకల్ ఫైబర్ అయినా 5జీ అయినా పబ్లిక్ ఐపీ (బయటి నుంచి నేరుగా చేరగల సొంత నెట్ చిరునామా) మామూలుగా రాదు, సీసీ కెమెరాకు పోర్ట్ తెరిచి బయటి నుంచి చూద్దామంటే కుదరదు.

సొంతిల్లు, దగ్గర్లో స్ప్లిట్టర్ ఉన్న స్తంభం, సొంత ఫ్యూజన్ మెషిన్ ఉన్న ఆపరేటర్ ఉంటే నేను లోకల్ ఫైబరే తీసుకోమంటాను. రాత్రి షిఫ్టులో వీపీఎన్ మీద బతికేవాళ్లకు ఆ మాట చెప్పలేను. అద్దె ఇల్లయితే 5జీ డబ్బా నయం. మీ వీధిలో బీఎస్ఎన్ఎల్ ఎక్స్ఛేంజ్ లేదని వదిలేయకండి. చాలాచోట్ల వాళ్ల ఫైబర్ ఇచ్చేది కూడా లోకల్ కేబుల్ ఆపరేటరే, అదే స్తంభం మీంచి. అదీ అడిగి చూడండి, వైరు లాగాక పవర్ ఎంతొచ్చిందో రాసి పెట్టుకోండి.