ఏడేళ్లు నడిచిన 24 వోల్టుల ఎస్‌ఎంపీఎస్: వోల్టేజి ఎక్కడ పడిపోతుంది?

రైస్ మిల్లు డ్రయర్ ప్యానెల్లో ఏడేళ్లుగా పనిచేస్తున్న, డిన్ రైలు (ప్యానెల్లో పరికరాలు తగిలించే లోహపు పట్టీ) మీద బిగించే ఎస్‌ఎంపీఎస్ ఇది, అంటే కరెంటు ఏసీని స్థిరమైన డీసీగా మార్చే పవర్ సప్లై. ఇన్‌పుట్ 230 ఏసీ, అవుట్‌పుట్ 24 డీసీ, 10 ఆంపియర్లు. పీఎల్‌సీ (యంత్రాన్ని నడిపే చిన్న కంప్యూటరు), హెచ్‌ఎంఐ (ఆపరేటరు చూసే తెర), పద్దెనిమిది రిలేలు (కాయిల్‌తో పనిచేసే స్విచ్చులు), కరెంటుతో తెరుచుకునే 11 వాట్ల సోలినాయిడ్ వాల్వులు ఆరు దీని మీదే నడుస్తాయి. పెట్టిన డబ్బుకు మంచి సరుకే. కాకపోతే ఐదో ఏడు దాటాక 24 ఉండాల్సిన చోట 21, ఎండ మండే మధ్యాహ్నాల్లో 19 చూపించడం మొదలైంది.

ఈ జబ్బు ముందు పీఎల్‌సీలో బయటపడదు. డిజిటల్ ఇన్‌పుట్‌కి 15 వోల్టులు వస్తే చాలు, అది ఆన్ అనే అనుకుంటుంది. మొదట మొరాయించేది రిలేలే. కాయిల్ లాగడానికి రేటింగులో 70 నుంచి 80 శాతం కావాలి, అంటే సుమారు 17 నుంచి 19 వోల్టులు. కాయిల్ వేడెక్కితే దాని రెసిస్టెన్సు పెరిగి ఇంకాస్త ఎక్కువే అడుగుతుంది. అందుకే పీఎల్‌సీ అవుట్‌పుట్ లైటు వెలుగుతూనే ఉంటుంది, రిలే మాత్రం టకటకలాడుతుంది. చాలామంది ఇక్కడ రిలేలు మార్చి డబ్బు తగలేస్తారు.

వోల్టేజి తగ్గిందనగానే యూనిట్ ముందు వైపున్న ట్రిమ్‌పాట్ (వోల్టేజి సరిచేసే చిన్న స్క్రూ) తిప్పేయడం రెండో తప్పు. అసలు లోపం దాగిపోతుంది, అరిగిన కెపాసిటర్ల మీద బరువు ఇంకా పెరుగుతుంది. లోపం తీగలో ఉంటే దూరంలోని వాల్వుకి 24 అందించే ప్రయత్నంలో ప్యానెల్లోని కాయిల్స్ 27 మీద మాడుతుంటాయి.

మొదట లోడు నడుస్తుండగా యూనిట్ అవుట్‌పుట్ స్క్రూల మీదే కొలవండి. అక్కడ 24 ఉండి వాల్వు దగ్గర తక్కువుంటే యూనిట్ జోలికి పోనక్కర్లేదు. లెక్క చూడండి: 1 చదరపు మిల్లీమీటరు రాగి తీగకి కిలోమీటరుకి దాదాపు 18 ఓములు. వాల్వులు 40 మీటర్ల దూరంలో ఉంటే రానూపోనూ 80 మీటర్లు, అంటే దాదాపు ఒకటిన్నర ఓము. మూడు వాల్వులకి కలిపి 1.4 ఆంపియర్లు పారితే రెండు వోల్టులు దారిలోనే పోతాయి. 2.5 తీగ వేస్తే ఆ నష్టం ఒక వోల్టు లోపే. ఫెరూల్ (తీగ కొసకి తొడిగే లోహపు గొట్టం) లేకుండా బిగించిన పోగుల తీగ, తవుడు దుమ్ము పట్టిన టెర్మినల్ కూడా ఇలాగే తినేస్తాయి. అనుమానం ఉన్న టెర్మినల్‌కి అటూ ఇటూ ప్రోబులు పెట్టి కొలిస్తే అక్కడెంత పోతోందో నేరుగా తెలుస్తుంది.

యూనిట్ దగ్గరే తక్కువుంటే లోడు తీగలు పూర్తిగా విప్పి మళ్లీ కొలవాలి. ఖాళీగా 24 చూపించినంత మాత్రాన యూనిట్ బాగున్నట్టు కాదు. 24 వోల్టుల లారీ హెడ్‌లైట్ బల్బు ఒకటి తగిలించండి. 70 వాట్లది దాదాపు 3 ఆంపియర్లు లాగుతుంది. చల్లటి ఫిలమెంటు మొదటి క్షణం చాలా ఎక్కువ లాగుతుంది కాబట్టి యూనిట్ ఒకట్రెండుసార్లు తడబడొచ్చు, దాన్ని పట్టించుకోవద్దు. బల్బు నిలకడగా వెలిగాక కూడా వోల్టేజి జారుతుంటే లోపం యూనిట్‌దే. బల్బుతో 24 నిలబడి ప్యానెల్ లోడుతో పడిపోతే ఓవర్‌లోడు గానీ, ఏదో కాయిల్ సగం షార్టవడం గానీ అయ్యుండాలి. వాల్వులు ఒక్కొక్కటే విప్పుతూ కరెంటు చూసుకోండి.

ఈ యూనిట్లో దొరికింది ఉబ్బిన అవుట్‌పుట్ కెపాసిటర్లు: 1000 మైక్రోఫారడ్, 35 వోల్టులవి మూడు. ఉబ్బకపోయినా లోపల ఎండిపోయి ఉండొచ్చు, అది తేల్చేది ఈఎస్‌ఆర్ (కెపాసిటర్ లోపలి రెసిస్టెన్సు) కొలిచే మీటరే. మల్టీమీటర్ ఏసీ రేంజిని ఇక్కడ నమ్మొద్దు, పదుల కిలోహెర్ట్జ్‌ల రిపుల్ (డీసీలో మిగిలిపోయే అలలు) దానికి సరిగా అందదు. మార్చేటప్పుడు 105 డిగ్రీల లో ఈఎస్‌ఆర్ రకమే, 35 వోల్టులకి తగ్గకుండా వేయాలి. కొట్లో 25 వోల్టులది చేతిలో పెట్టి సరిపోతుందంటారు, వినొద్దు.

కంట్రోల్ ఐసీకి సప్లై ఇచ్చే చిన్న కెపాసిటర్ ఇంకో దొంగ. మన యూనిట్లో అది 47 మైక్రోఫారడ్. అది ఎండితే వేడిగా నడుస్తున్నంతసేపూ యూనిట్‌లో ఏ తేడా కనిపించదు. రాత్రి కరెంటు పోయి వస్తే మాత్రం లేవదు, టిక్ టిక్‌మంటూ లైటు ఆడుతుంటుంది. అరచెయ్యంత బోర్డు మీద పది రూపాయల ముక్క. ఎలాగూ విప్పారు కాబట్టి దాన్నీ మార్చేయండి.

మూత తీసే ముందు ఒక మాట. ఇన్‌పుట్ వైపు పెద్ద కెపాసిటర్లో 325 వోల్టుల దాకా డీసీ ఉంటుంది, స్విచ్ ఆపాక కూడా. ఐదు నిమిషాలు ఆగి, కొలిచి, ఇంకా మిగిలి ఉంటే 10 కిలో ఓముల 5 వాట్ల రెసిస్టరుతో దించాలి. స్క్రూడ్రైవరుతో షార్ట్ చేసే అలవాటు మానుకోండి.

ఇంత త్వరగా పాడవడానికి కారణం వేడి. కింద వీఎఫ్‌డీ (మోటారు వేగం మార్చే పరికరం), దాని వేడిగాలి నేరుగా ఈ యూనిట్ మీదికే. ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్‌కి పది డిగ్రీలు తగ్గిస్తే ఆయుష్షు దాదాపు రెట్టింపు. యూనిట్‌ని పక్క రైలుకి మార్చి, తయారీదారు చెప్పినంత ఖాళీ పైనా కిందా వదిలాక రెండేళ్లుగా 24.1 దగ్గరే నిలబడింది.

మళ్లీ కొనాల్సి వస్తే ఇదే కొంటాను, లోడు ఆరు ఆంపియర్లు దాటకుండా చూసుకుని. స్పేరుగా బీరువాలో ఉన్నదాన్ని ఏడాదికోసారి తీసి, లారీ బల్బు మీద ఓ గంట నడిపి, తేదీ రాసి మళ్లీ అట్టపెట్టెలో పెడుతున్నాం.