బోటు ట్యాంకుకు ఏ సెండర్: ఊగే కడ్డీదా, నిలువు గొట్టందా?

పెట్రోలు ముల్లు పడకేస్తే బైకునైతే ఊపి చూసుకుంటాం. ప్రకాశం బ్యారేజీ ఎగువన, కృష్ణ మధ్యలో బోటును ఊపలేం కదా! ట్యాంకులో పెట్రోలెంతుందో మీటరుకు చెప్పే భాగమే సెండర్.

పాత బోట్లలో ఎక్కువగా ఉండేది ఊగే కడ్డీ రకం. కడ్డీ చివర తేలే బెండు, పైన రెసిస్టెన్స్ పట్టీ మీద రాసుకుంటూ తిరిగే చిన్న రేకు. చవక, కడ్డీ పొడవు సర్దుకోవచ్చు. కానీ అల కొట్టినప్పుడల్లా ముల్లు గంతులేస్తుంది, రేకు రాసుకుని రాసుకుని పట్టీ అరిగిపోతుంది. ట్యాంకులో అడ్డుపలకలుంటే బెండు వాటికి తట్టుకుని ఆగిపోతుంది కూడా.

గొట్టం రకంలో అయస్కాంతమున్న బెండు నిలువునా పైకీ కిందకీ జారుతుంది, లోపలి రీడ్ స్విచ్‌లు (అయస్కాంతం దగ్గరకొస్తే కలిసే చిన్న స్విచ్‌లు) ఒక్కొక్కటిగా కలుస్తాయి. రాపిడి లేదు, ముల్లు నిలకడ. రీడింగ్ మెట్లు మెట్లుగా మారుతుంది, అదేమంత లోటు కాదు. అసలు చిక్కు పొడవుతోనే: కోసి సర్దలేం, ట్యాంకు లోతు కొలిచే కొనాలి. ధర ఎక్కువైనా నా ఓటు దీనికే.

ఏది కొన్నా సెండర్ ఓమ్‌లు (విద్యుత్ నిరోధం కొలత) మీటరుతో కలవాలి. అమెరికన్ పద్ధతిలో ఖాళీకి 240, నిండుకు 33. యూరప్‌ది దీనికి తలకిందులు, ఖాళీకి 10, నిండుకు 180. ఆటోనగర్‌లో చేతికందింది బిగిస్తే నిండు ట్యాంకు ఖాళీగా కనిపించొచ్చు. అమెరికన్ రకంలో అయిదు బోల్టు రంధ్రాలు సమదూరంలో ఉండవు, ఒక్క దిశలోనే కూర్చుంటుంది. విప్పేముందు బ్యాటరీ తీగ తీసేయండి, పెట్రోలు ఆవిరి పోయేలా గాలి ఆడనివ్వండి.