తాటి చేవతో అంటు చాకుకు కొత్త పిడి

కడియపులంక పరిసరాల నర్సరీల్లో అంట్లు కట్టడానికి నేను పన్నెండేళ్లుగా వాడుతున్న మడత చాకుకు ప్లాస్టిక్ పిడి పగిలిపోతే, కాలువ గట్టున రేకుల పాకలో పనిచేసుకొనే ఒక వడ్రంగి చేత కర్ర పిడి వేయించుకున్నాను. ఒక వానాకాలమంతా వాడిన తరువాతనే ఈ అభిప్రాయం రాస్తున్నాను. మన డెల్టా తేమలో కర్ర పిడి గుణం వేసవిలో తేలదు.

అంటు చాకుకు పిడి అలంకారం కాదు. దీని అలుగుకు ఒక పక్కనే పదును ఉంటుంది. కోత చదునుగా రావడం కోసమే ఆ ఏర్పాటు. పిడి ఒక పక్క లావుగా ఉన్నా, తడి చేతిలో జారినా కోత వంకర పోతుంది, అంటు పుల్లకూ వేరు మొక్కకూ మధ్య సందు మిగులుతుంది, ఆ సందు వల్లనే అంటు ఎండిపోతుంది.

బండి చక్రాలకు వాడే గట్టి కర్ర కదా అని నేను నల్ల తుమ్మ అడిగాను. “వద్దండి, దాని వగరు తడిలో ఇనుముకు తగిలితే నల్లగా మరక పడుతుందండి” అని వడ్రంగి చెప్పి, కూల్చిన పెంకుటింటి నుంచి తెచ్చిన తాటి దూలం ముక్క చూపించారు. తాటి మానుకు చేవ వెలుపలి భాగంలో ఉంటుంది, లోపలిది మెత్తటి పీచు. ఆయన వెలుపలి భాగం నుంచి మాత్రమే, నల్లటి నార గీతలు పిడి పొడవునా సాగేలా, రెండు చెక్కలు కోశారు. ఏళ్ల తరబడి పెంకుల కింద ఎండిన కర్ర కాబట్టి కొత్త కర్రలా వంగదన్న ఆయన మాట నిజమైంది. శ్రావణంలో కూడా చెక్కకూ దాని కింద చాకులో ఉండే ఇత్తడి రేకుకూ మధ్య గోరు దూరేంత సందు రాలేదు.

అయితే తాటి కర్ర పనివాడి ఓర్పును పరీక్షిస్తుంది. ఆకురాయిని అడ్డంగా నడిపితే నార లేచి పేళ్లుగా ఊడిపోతుంది, ఆ పేడు వేలిలో దిగితే తీయడం కష్టం. అందుకని ఆయన ముందుగా నీళ్లలా పల్చటి జిగురును నారలోకి ఇంకించి, అది గట్టిపడ్డాకే అరగదీశారు. అలుగు తిరిగే ఇరుసునూ వెనుక స్ప్రింగునూ కదపకుండా పాత మేకుల తలలు మాత్రం తీసేసి, చెక్కలను ఆరాల్డైట్ జిగురుతో అతికి, ఒక రోజంతా బిగించి ఉంచి, ఇత్తడి మేకులు కొట్టారు. ఆ తరువాత 120 నుంచి 400 నంబరు దాకా ఉప్పు కాగితం నార వెంటే రుద్ది, అవిసె నూనె మూడు పూతలు పట్టించారు. మెరుపు పాలిష్ వద్దన్నది నా కోరిక; మెరుపు ఉంటే మళ్లీ జారుడే.

లోపం లేకపోలేదు. మొదట తెచ్చుకున్నప్పుడు చెక్క అంచు అలుగు మీది గోటి గాడిని (చాకు తెరవడానికి గోరు పెట్టే గాడిని) సగం కప్పేసింది, తడి చేత్తో చాకు తెరవడానికి పళ్లు వాడవలసి వచ్చేది. తిరిగి తీసుకువెళితే అక్కడ అర్ధచంద్రాకారంగా లోతు తీసి ఇచ్చారు, డబ్బు తీసుకోలేదు. పది రోజులన్నది మూడు వారాలు పట్టింది. తీసుకున్నది 700 రూపాయలు. ఆ ధరకు కొత్త చాకే వస్తుందని మా తోట పనివాళ్లు అన్నారు కానీ, నా చేతికి పన్నెండేళ్లుగా అలవాటైన అలుగు కొత్త చాకుతో రాదు.

వెళ్లేవారు చాకును శుభ్రంగా తుడిచి తీసుకువెళ్లండి, ఏ చేతివాటమో ముందే చెప్పండి, గోటి గాడి సంగతి గుర్తు చేయండి. గులాబీలకు కన్ను అతికే నా రెండో చాకు కోసం అదే దూలం నుంచి ఇంకో రెండు చెక్కలు కోసి ఉంచమని చెప్పి వచ్చాను.