డాబా మీది ఇంజనా, మనిషిని లాగే ఇంజనా?

నిజంగా ఆవిరితోనే నడిచే బుల్లి రైలింజన్ చేయాలనుకునే విజయవాడ వారు ముందు తేల్చుకోవలసింది గేజి, అంటే రెండు పట్టాల మధ్య దూరం: 45 మిల్లీమీటర్లా, 127 మిల్లీమీటర్లా?

పెద్దదాని ఆకర్షణ వేరు, కాదనలేం. అసలైన బొగ్గు, వెనక బండి మీద మనిషి కూర్చున్నా లాగే సత్తా. కానీ దాన్ని ఎత్తడానికే ఇద్దరు ముగ్గురు కావాలి, నడపడానికి ఊరి బయట చదును నేల కావాలి. సింగరేణి బొగ్గు ఉందిగా అంటారు. దానిలో బూడిద ఎక్కువ. అంత చిన్న పొయ్యిలో జల్లెడ ఇట్టే పూడుకుపోతుంది. రాగి బాయిలర్‌కు వెండి టంకం పెట్టడం మరో తంటా. రాగి వేడినంతా లాగేసుకుంటుంది, ఒక్క బర్నరుతో టంకం కరిగి పారదు.

అందుకే మొదటి ఇంజన్‌కు నా ఓటు చిన్నదానికే. బ్యూటేన్ గ్యాస్ చాలు, డాబా మీద గుండ్రంగా పట్టాలు పరిస్తే సరి. పిస్టన్ ఆడే సిలిండరు పని ఆటోనగర్‌లో చేయించుకోవచ్చు. లారీ పనికి అలవాటుపడిన లేత్ మిస్త్రీ వేలెడంత పిస్టన్‌ను చూసి ముందు నవ్వుతాడు, తర్వాత పంతం పట్టి చేస్తాడు. బెజవాడ ఎండలతోనే పేచీ: మే నెలలో గ్యాస్ ట్యాంకులో పీడనం పెరుగుతుంది, పొగగొట్టం దగ్గర తెల్లటి ఆవిరీ కనిపించదు. డిసెంబరు తెల్లవారుజామున చూడాలి దాని అందం!

ఏదైనా సరే, కొత్త బాయిలర్‌ను పని పీడనానికి రెట్టింపు నీటి ఒత్తిడితో పరీక్షించాకే నిప్పు పెట్టాలి. బోరు నీళ్లు వద్దు, లోపల సున్నం పేరుకుంటుంది. వడకట్టిన వాననీరు మేలు.