సీమ రోడ్డుకు కూపేనా, ఓపెన్ టాపా?

చిన్న స్పోర్ట్స్ కారు మీద మనసుపడిన అనంతపురం, కర్నూలు, కడప వాళ్ళు ముందుగా అడిగేది ఒకటే: "మన ఎండలకు టాప్ తెరిచే బండి యాడ పనికొస్తుందన్నా?" ఎండ కంటికి కనిపిస్తుంది కాబట్టి దానికి ఎవరి జాగ్రత్త వాళ్ళు పడతారు. ఈ ప్రాంతంలో ఓపెన్ టాప్ బండ్లను నిజంగా పాడుచేసేది దుమ్ము. దాని సంగతి వాన పడిన రోజు గానీ బయటికి రాదు.

టాప్ మడతపడి కూర్చునే చోట, సీట్ల వెనక, ఒక తొట్టి ఉంటుంది. టాప్ మీద పడిన నీళ్ళు అంచుల వెంట దిగి ఆ తొట్టిలోకి, అక్కడి నుంచి ఎడమ కుడి మూలల్లో ఉన్న సన్నటి గొట్టాల గుండా బండి కిందికి పోవాలి. తరచుగా వానలు పడే ఊళ్ళో ఆ గొట్టాలు వాటంతటవే కడుక్కుంటాయి. అనంతపురంలో ఏడాది మొత్తానికి పడేదే 550 మిల్లీమీటర్లు అటూ ఇటూ. అదీ నాలుగు రోజుల్లో కుమ్మరించి పోతుంది. మిగతా నెలలన్నీ ఎర్రదుమ్ము, వేపాకు, పూత, రబ్బరు నలుసు కలిసి గొట్టం మూతి దగ్గర పిడక కట్టేస్తాయి. సెప్టెంబరులో ఒక రాత్రి గట్టిగా కురిస్తే నీళ్ళకు దారి దొరక్క సీటు కింద కార్పెట్లోకి దిగుతాయి. పాత పోర్షె బాక్స్‌స్టర్లలో తాళం గుర్తుపట్టే ఇమ్మొబిలైజర్ పెట్టె సరిగ్గా ఆ సీటు కిందే ఉంటుంది. అది తడిస్తే తెల్లారి బండి స్టార్ట్ కాదు. 2002–2008 మధ్య వచ్చిన బీఎండబ్ల్యూ జెడ్4లో ఇంకా ఘోరం. టాప్‌ను నడిపే హైడ్రాలిక్ మోటారునే ఆ తొట్టి అడుగున పెట్టారు. గొట్టం పూడితే మోటారు నీళ్ళలో మునిగి కాలిపోతుంది, టాప్ ఎక్కడిదక్కడ ఆగిపోతుంది.

కూపేకు, అంటే తెరుచుకోని గట్టి కప్పు బండికి, ఈ బాధ లేదు. అందుకే సొంతానికి మూసిన షెడ్డు లేకుండా, అపార్ట్‌మెంటు కింద వేపచెట్టు నీడలో బండి నిలిపేవాళ్ళు ఇంకో ఆలోచన లేకుండా కూపే తీసుకోవచ్చు. షెడ్డు ఉండి, నెలకో గంట బండికి ఇవ్వగలిగినవాళ్ళకే కింది చర్చ.

ఒకే బండి రెండు రూపాల్లో ఎలా ఉంటుందో చూడాలంటే పోర్షె 718 జతను మించింది లేదు. 2025లో తయారీ ఆగిపోయింది, ఇక సెకండ్ హ్యాండే. తెరుచుకునేది బాక్స్‌స్టర్, గట్టి కప్పుది కేమన్. మామూలు మోడల్‌లో రెండింటికీ అదే 1,988 సీసీ నాలుగు సిలిండర్ల టర్బో ఇంజన్, 300 పీఎస్ శక్తి, 380 ఎన్ఎం టార్క్. మాన్యువల్ గేర్లతో కంపెనీ చెప్పే బరువు కూడా రెండింటికీ 1,335 కిలోలే. బరువు ఒకటే అయినా బిగువు ఒకటి కాదు. మూత పెట్టిన చెప్పుల డబ్బాను మెలితిప్పి చూడండి, తర్వాత మూత తీసి మెలితిప్పండి. తేడా అంతే.

ఈ తేడాను టెస్ట్ డ్రైవ్‌లో పట్టుకోవడం తేలిక. టాప్ తెరిచి, గంటకు 30–40 కిలోమీటర్ల వేగంలో, టోల్ ప్లాజా ముందు వేసే అడ్డపట్టీల మీదికి ఎడమ చక్రాలు మాత్రమే ఎక్కేలా నడపండి. ఒక వేలు ముందు అద్దం పక్క స్తంభం మీద ఆనించి, కన్ను లోపలి అద్దం మీద పెట్టండి. వెనక వచ్చే లారీ నంబరు అద్దంలో చదవగలిగితే బండి బాగున్నట్టే. అంకెలు రెండుగా కనబడేంత అదురుతుంటే కింద దెబ్బ తిన్న బండి కావచ్చు, టైర్లు ఎండి గట్టిపడి ఉండొచ్చు, టాప్ గొళ్ళేలు వదులై ఉండొచ్చు. టాప్ మూసి అదే పట్టీల మీద మళ్ళీ పోనివ్వండి. మూసినా కిర్రుమంటే రబ్బరు బీడింగ్ ఎండిపోయింది. అది సిలికాన్ గ్రీజుతో పోయే చప్పుడే. మూసినా అద్దం అదే తీరున అదిరితే ఆ బండి వదిలేయండి.

718లో సామాను సంగతీ చూడాలి. ముందు డిక్కీ రెండింటికీ 150 లీటర్లే. వెనక కేమన్‌కు సుమారు 275, బాక్స్‌స్టర్‌కు 125 లీటర్లు. ఇద్దరు తిరుపతి పోయి రావడానికి బాక్స్‌స్టర్ చాలు, పెళ్ళికి పోవాలంటే మాత్రం కేమన్. కేమన్ వెనక అరకు ఒక చిక్కుంది: ఇంజన్ దాని పక్కనే, పైన పెద్ద అద్దం. మధ్యాహ్నం అక్కడ పెట్టిన వస్తువు కాగిపోతుంది. గువ్వలచెరువులో పాలకోవా కొంటే ముందు డిక్కీలోనే పెట్టండి. అద్దానికి ఫిల్మ్ వేయిద్దామనుకుంటే ముందు వెనక అద్దాల్లో 70 శాతం, పక్క అద్దాల్లో 50 శాతం వెలుతురు దూరాలన్న నిబంధన ఉందని గుర్తుంచుకోవాలి. నల్ల ఫిల్మ్ వేసి చలానాలు కట్టుకోవద్దు.

"గుడ్డ టాప్ ఎందుకు, ఇనప టాప్ ముడుచుకునేవి ఉన్నాయి కదా" అంటారు కొందరు. 2009–2016 జెడ్4, మెర్సిడెస్ ఎస్ఎల్‌కే ఆ కోవలోవే, పాత బండ్ల మార్కెట్లో ఇప్పటికీ దొరుకుతాయి. మూసి ఉన్నంతసేపు అచ్చం కూపే: ఏసీ నిలుస్తుంది, కాకి రెట్టకు భయం లేదు. తెరిస్తే ఆ కప్పంతా డిక్కీలోకే పోయి కూర్చుంటుంది. జెడ్4 డిక్కీ 310 లీటర్ల నుంచి 180కి, ఎస్ఎల్‌కేది 335 నుంచి 225కి పడిపోతుంది. అంతకన్నా ముఖ్యంగా, కీళ్ళు, సెన్సర్లు, హైడ్రాలిక్ గొట్టాలు ఎక్కువ. ఒక్క సెన్సర్ మీద దుమ్ము కూర్చుంటే టాప్ సగంలో మొరాయిస్తుంది. తాడిపత్రి, ఎర్రగుంట్ల వైపు సిమెంటు దుమ్ములో రోజూ తిరిగే బండికి ఇనప టాప్ మేము చెప్పం. గుడ్డ టాప్‌లో చెడేవి తక్కువ. 2018 చివర్లో వచ్చిన జెడ్4లో బీఎండబ్ల్యూ వాళ్ళే మళ్ళీ గుడ్డకు తిరిగారు. 10 సెకన్లలో, 50 కిలోమీటర్ల వేగం దాకా తెరుచుకుంటుంది. డిక్కీ తెరిచినా మూసినా 281 లీటర్లే. దీనికి కూపే రూపం లేదు. చట్రం పంచుకున్న టయోటా సుప్రాయే దాని కూపే అనుకోవాలి, దాన్ని మన దేశంలో కంపెనీ అమ్మలేదు.

ఆడి టీటీ కూపేకు ఒక మేలుంది: వెనక రెండు చిన్న సీట్లు. పెద్దవాళ్ళు పట్టరు గానీ బడి పిల్లలు సర్దుకుంటారు.

మినీ దగ్గర మాత్రం మా తీర్పు తిరగబడుతుంది. మూడు డోర్ల మినీ మంచి బండే, కానీ మా ఓటు దాని కన్వర్టిబుల్‌కే, అంటే టాప్ తెరుచుకునే రూపానికే. టాప్ 18 సెకన్లలో తెరుచుకుంటుంది, 30 కిలోమీటర్ల వేగం దాటితే కదలదు. మొత్తం తెరవకుండా ముందు భాగం 40 సెంటీమీటర్లు మాత్రం జరుపుకోవచ్చు. సీమ ఎండకు పనికొచ్చే సౌకర్యమంటే అదే: సాయంత్రం ఆరున్నరకు నెత్తిన గాలి, ముఖాన ఏసీ. 2016–2024 నాటి బండిలో డిక్కీ మూసినప్పుడు 215, తెరిచినప్పుడు 160 లీటర్లు. వెనక చూపు బాగా తక్కువ. రివర్స్‌లో కెమెరానే దిక్కు.

ఎప్పుడు తెరవాలన్నది తెలియకపోతే కన్వర్టిబుల్ దండగే. నవంబరు నుంచి ఫిబ్రవరి సగం దాకా పొద్దున ఆరు నుంచి తొమ్మిది, ఆ మూడు గంటలే రాజభోగం. మార్చి తర్వాత సాయంత్రాలు నమ్మొద్దు. పొద్దు కుంకినా తారు రోడ్డు ఎనిమిది దాకా వేడి కక్కుతూనే ఉంటుంది. పక్క అద్దాలు పైకెత్తి, సీట్ల వెనక గాలి అడ్డు పెట్టి, 60–90 మధ్య నడిపితే మాట వినబడుతుంది. 44వ నంబరు హైవే మీద 100 దాటితే ఫోనే కాదు, పక్కవాళ్ళు పిలిచినా వినబడదు. బేతంచెర్ల వైపు నుంచి బండలు మోసుకొచ్చే లారీ వెనక ఎప్పుడూ తెరిచి పోవద్దు, దాటేదాకా మూసుకోండి. నల్లమల దారి, గువ్వలచెరువు ఘాట్ ఈ బండ్లకు పుట్టిల్లు లాంటివి. కాకపోతే శ్రీశైలం, అహోబిలంలో కోతులు టాప్ తెరిచిన బండిని తమ కోసమే వచ్చిన పళ్ళెం అనుకుంటాయి, మూసిన గుడ్డ మీద గోళ్ళతో జారతాయి. అగస్త్యుడి శాపం వల్ల యాగంటిలో కాకులు రావంటారు గానీ కోతుల గురించి ఆయన ఏమీ చెప్పినట్టు లేదు. మందపాటి కవరు వెంట ఉంచుకోండి.

ఇక కడగడం. ఇక్కడే ఎక్కువ టాప్‌లు చెడిపోతాయి. గుడ్డ టాప్ మూడు పొరలు: పైన నేత, మధ్యలో నీరు ఆపే రబ్బరు, లోపల లైనింగు. పొడిదుమ్ము మీద నేరుగా నీళ్ళు కొడితే అది బురదై నేతలోకి దిగి, ఆరాక ఉప్పుకాగితంలా ప్రతి మడతలోనూ నూలును కోస్తుంది. కాబట్టి మొదట వాక్యూమ్, మెత్తటి బ్రష్షుతో నేత వాలు వెంట దులపడం, ఆ తర్వాతే నీళ్ళు. గాఢత లేని షాంపూ బకెట్ నీళ్ళలో రెండు మూతలు చాలు. బట్టల సబ్బు, సర్ఫు దగ్గరికి రానివ్వొద్దు. సర్వీస్ సెంటర్లో ప్రెషర్ గన్ కుట్ల మీద మూరెడు లోపలికి తెస్తుంటే ఆపండి. చివరి నీళ్ళు బోరువి వద్దు. మన బోరు నీళ్ళ సున్నం నల్లగుడ్డ మీద తెల్లటి మరకలు వదులుతుంది, తర్వాత వెనిగర్ పెట్టి రుద్దినా పూర్తిగా పోవు. 20 లీటర్ల క్యాన్ ఒకటి తెప్పించి పై నుంచి పోయండి. నీడలో పూర్తిగా ఆరాకే మడవాలి. తడి టాప్ మడిస్తే రెండు రోజుల్లో బూజు. ఆరు నెలలకొకసారి నీరు నిలవనివ్వని స్ప్రే కొట్టండి. నీటిబొట్టు గుండ్రంగా నిలవకుండా ఇంకిపోతుంటే అప్పటికే ఆలస్యమైనట్టు.

గొట్టాలకు నెలకోసారి పరీక్ష. టాప్ సగం తెరిచి నిలిపి, తొట్టి మూలలో ఒక గ్లాసు నీళ్ళు, 200 మిల్లీలీటర్లు, నెమ్మదిగా పోయండి. నిమిషం లోపు వెనక చక్రం ముందు నేల తడవాలి. తడవకపోతే గడ్డి కోసే మిషన్ నైలాన్ తీగ, 2 మిల్లీమీటర్లది, కొన గుండ్రంగా కాల్చి తిప్పుతూ దించండి. పంక్చర్ షాపు గాలి గొట్టం మాత్రం పెట్టొద్దు. ఆ ఒత్తిడికి లోపల గొట్టం అతుకు ఊడితే నీళ్ళు ఎప్పటికీ బండిలోకే పోతాయి, అతుకు దొరకాలంటే సీట్లు పీకాలి.

ఇన్సూరెన్సులో రబ్బరు, నైలాన్, ప్లాస్టిక్ భాగాలకు 50 శాతం తరుగు కోస్తారు, అద్దానికి కోయరు. గుడ్డ టాప్‌ను ఏ గాటన కడతారో పాలసీ తీసుకునే ముందే రాతపూర్వకంగా అడిగి, తరుగు కోయని జీరో డిప్రిసియేషన్ కవరు కలుపుకోండి. కూపేకు ఈ తంటా లేదు.

సెకండ్ హ్యాండ్ బండి చూడడానికి బెంగళూరో హైదరాబాదో పోతారు, ఎటు పోయినా రెండొందల కిలోమీటర్ల పైమాటే. వెంట నీళ్ళ బాటిల్, టార్చిలైటు పట్టుకుపోండి. అమ్మేవాళ్ళ ముందే తొట్టిలో నీళ్ళు పోయండి. సీట్లు ముందుకు జరిపి కార్పెట్ కింద చెయ్యి పెట్టి చూడండి, తడి లేకపోయినా ముక్కిన వాసన వస్తే ఎప్పుడో మునిగిన బండే. బేరం కుదిరితే, వేరే రాష్ట్రం నంబరుతో ఇక్కడ పన్నెండు నెలలకు మించి ఉంచుకోకూడదు, మళ్ళీ రిజిస్ట్రేషన్, లైఫ్ ట్యాక్స్ తప్పవు. ఫారం 28 మీద పాత ఆర్టీవో ఇచ్చే ఎన్ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) చేతికి వచ్చేదాకా ఆఖరి వాయిదా డబ్బు ఇవ్వొద్దు.